దుకాణ అమరిక, కొనేవారి మనస్తత్వం

సరుకు ఎక్కడ పెట్టాలి, ఎంత ఎత్తున పెట్టాలి, దాని మీద ఎలాంటి వెలుగు పడాలి, లోపలికి వచ్చినవారు ఏ దారిన నడవాలి, డబ్బు ఎక్కడ కట్టాలి అన్నవాటిని ముందే ఆలోచించి ఏర్పాటు చేయడమే దుకాణ అమరిక. ఎవరు ఏం కొంటారు, ఎంత కొంటారు, ఎంతసేపు ఉంటారు అన్నది చాలావరకు దీన్నిబట్టి మారుతుంది. వాణిజ్యశాస్త్రం, మనస్తత్వశాస్త్రం, భవన నిర్మాణం కలిసే చోట పుట్టిన ఈ అధ్యయనానికి వయసు నూరేళ్ళకు కాస్త ఎక్కువ. అంగడి మాత్రం అంతకంటే ఎంతో పాతది. పాత అంగడిలో కొనేవారిని ఒప్పించే పని దుకాణదారు నోటిది. సరుకు నేరుగా కొనేవారి చేతికి అందడం మొదలైనప్పటి నుంచి ఆ పని అరలకు, దారులకు, దీపాలకు, ధరచీటీలకు వచ్చింది. ఈ రంగంలో తరువాత వచ్చిన మార్పులను అర్థం చేసుకోవడానికి ఈ ఒక్క విషయం తాళంచెవి వంటిది.

అమ్మేవారు ఎదురుగా ఉండే అంగడి

కిరాణా కొట్టులో సరుకు గల్లాపెట్టెకు అవతల, కొనేవారు ఇవతల ఉంటారు. ఇంట్లో రాసుకొచ్చిన చీటీ చదివితే కొట్టులోని మనిషి ఒక్కొక్కటే తూచి పొట్లం కట్టి ఇస్తాడు. చీటీలో లేని వస్తువు కంటపడి, మనసు పడి కొనడం ఇక్కడ తక్కువ. అంతమాత్రాన ఇది మనస్తత్వం ఎరగని వ్యాపారం కాదు. తూకం సరిపోయాక పైన వేసే గుప్పెడు కొసరు, తొలి బేరం చెడకూడదనే బోణీ పట్టింపు, నెలాఖరుకు తీర్చే ఖాతా, గల్లా మీద గాజు సీసాల్లో మెరిసే బిళ్ళలు, చిల్లరకు బదులు చేతిలో పెట్టే చాక్లెట్టు అన్నీ ఆలోచించి చేసినవే. కొసరు విలువ కొన్ని పైసలే. అయినా తనకు దక్కాల్సిన దానికంటే ఎక్కువే దక్కిందన్న తృప్తితో కొన్న మనిషి కొట్టు దిగుతాడు.

బట్టల కొట్టులో ఈ విద్య ఇంకా ముదిరింది. పరుపుల మీద తెల్లదుప్పటి పరిచి, వచ్చినవారిని కూర్చోబెట్టి, టీయో శీతలపానీయమో తెప్పించి, అడిగిన దానికి నాలుగింతల చీరలు విప్పి గుట్ట పోయడం ఆంధ్ర, తెలంగాణ పట్టణాల్లో తరాలుగా సాగుతున్న పద్ధతి. అమ్మేవాడే చీరను తన భుజాన వేసుకుని కుచ్చిళ్ళు పెట్టి చూపిస్తాడు. అంత శ్రమ పెట్టించి, అంత మర్యాద పొంది, ఏమీ కొనకుండా లేచి రావడానికి మొహమాటం అడ్డొస్తుంది. అమెరికా మనస్తత్వశాస్త్రవేత్త రాబర్ట్ చియాల్డీని 1984లో వెలువరించిన ఇన్‌ఫ్లుయెన్స్ అనే గ్రంథంలో ఒప్పించే మార్గాలను వర్గీకరిస్తూ, పుచ్చుకున్నవారు తిరిగి ఇవ్వాలనుకునే గుణాన్ని మొదటి వరుసలో పెట్టాడు. బట్టల కొట్టు గుమాస్తాలు ఈ సూత్రాన్ని పుస్తకం రాకముందే ఆచరించారు.

ఐరోపాలో అంగడి రూపు మారడం 19వ శతాబ్దం నడుమ మొదలైంది. 1852లో పారిస్‌లోని బాన్ మార్షే దుకాణంలో భాగస్వామిగా చేరిన అరిస్టిడ్ బూసికో బేరం లేని స్థిరధరలు, నచ్చకపోతే వెనక్కి తీసుకోవడం, కొనకపోయినా లోపల తిరిగి చూసే స్వేచ్ఛ అలవాటు చేశాడు. కొనే పని లేకుండా దుకాణానికి వెళ్ళడమనే కొత్త అలవాటు జనానికి ఇక్కడే అబ్బింది. హ్యారీ గార్డన్ సెల్ఫ్రిడ్జ్ 1909లో లండన్ ఆక్స్‌ఫర్డ్ వీధిలో తెరిచిన దుకాణం ఆ బాటనే ఇంకొంత ముందుకు నడిచింది. అత్తర్లు, సౌందర్య సాధనాలను ఆయన కింది అంతస్తులో, అందరి కళ్ళూ పడే చోటికి తెచ్చాడు. నేటి పెద్ద దుకాణాల్లో గుమ్మం దాటగానే సువాసన తగలడం ఆ ఆనవాయితీయే.

స్వయంసేవ

అసలు మలుపు మెంఫిస్‌లో వచ్చింది. అమెరికాలోని టెనెసీ రాష్ట్రానికి చెందిన ఈ నగరంలో 1916 సెప్టెంబరు 6న క్లారెన్స్ సాండర్స్ పిగ్లీ విగ్లీ అనే పచారీ దుకాణం తెరిచాడు. వచ్చినవారు తిరుగుడు గేటు దాటి, బుట్ట తీసుకుని, అరల నడుమ మెలికలు తిరిగే దారిలో తమకు కావలసినవి తామే తీసుకుంటూ పోతే చివర డబ్బు కట్టే చోటు వస్తుంది. నడుమ నుంచి బయటపడే దారి లేదు. గుమాస్తాల ఖర్చు తగ్గించుకోవడం సాండర్స్ ఉద్దేశం. అనుకోకుండా ఒప్పించే పని కూడా గుమాస్తాల చేతి నుంచి జారిపోయింది. 1917లో అమెరికా ప్రభుత్వం ఆయన స్వయంసేవ దుకాణానికి పేటెంటు ఇచ్చింది. ఆ పేటెంటులో ప్రధానంగా ఉన్నది ఒక యంత్రమో వస్తువో కాదు, మనుషులు నడిచే దారి.

గుమాస్తా తప్పుకోవడంతో ఏ సబ్బు మంచిదో చెప్పే నోరు లేకపోయింది. ఆ మాట ఇక పొట్లమే చెప్పాలి. రంగుల డబ్బాలు, గుర్తుండే పేర్లు, దూరం నుంచి కనిపించే అక్షరాలు పచారీ వ్యాపారానికి ప్రాణమయ్యాయి. 1930 ఆగస్టులో మైకేల్ కల్లెన్ న్యూయార్క్ నగరంలోని క్వీన్స్‌లో కింగ్ కల్లెన్ పేరిట విశాలమైన దుకాణం పెట్టి, తక్కువ లాభానికి ఎక్కువ సరుకు అమ్మే సూపర్ మార్కెట్ పద్ధతిని స్థిరపరిచాడు.

ఇక మిగిలిన అడ్డంకి మనిషి చెయ్యి. బుట్ట బరువెక్కగానే కొనడం ఆగిపోతున్నదని ఓక్లహోమా నగరంలో దుకాణాలు నడిపే సిల్వన్ గోల్డ్‌మన్ గమనించాడు. మడత కుర్చీ చట్రాన్ని చూసి, దానికి చక్రాలు, రెండు బుట్టలు అమర్చి 1937లో తోపుడుబండిని ప్రవేశపెట్టాడు. మొదట్లో దాన్ని ఎవరూ ముట్టలేదు. యువతులకు అది పసిపిల్లల బండిలా తోచింది, మగవారికి నామోషీ అనిపించింది. గోల్డ్‌మన్ జీతాలిచ్చి కొందరిని పెట్టుకుని, వారు కొనేవారిలా ఆ బండ్లు తోసుకుంటూ తిరిగేలా చేశాక మిగతావారూ పట్టుకున్నారు. ఇతరులు చేస్తున్నారు కాబట్టి తామూ చేయవచ్చుననే భావన ఎంత బలమైనదో ఈ ఒక్క సంఘటన చాలు చెప్పడానికి. నేటి ట్రాలీకి వంశకర్త ఆ బండే.

భారతదేశంలో స్వయంసేవ చాలా ఆలస్యంగా వేళ్ళూనింది. హైదరాబాదులో 1986లో మొదలైన త్రినేత్ర దుకాణాలు తెలుగు మధ్యతరగతికి ఈ పద్ధతిని పరిచయం చేసినవాటిలో ముఖ్యమైనవి. తరువాత అవి ఆదిత్య బిర్లా సంస్థ చేతికి వెళ్ళి మోర్ పేరుతో కొనసాగాయి. రిలయన్స్ ఫ్రెష్ తన తొలి దుకాణాలను 2006 నవంబరులో హైదరాబాదులోనే తెరిచింది.

దారి

గుమ్మం దాటిన తొలి కొన్ని అడుగులను దుకాణ రూపకర్తలు ఖాళీగానే ఉంచుతారు. ఎండలోంచి నీడలోకి, రద్దీలోంచి చల్లదనంలోకి వచ్చిన మనిషి కళ్ళు, నడక సర్దుకునే చోటు అది. అక్కడ పెట్టిన ప్రకటనా, వస్తువూ సాధారణంగా కంటపడవు. దుకాణాల్లో మనుషుల కదలికలను ఏళ్ళ తరబడి వెంట నడిచి నమోదు చేసిన పాకో అండర్‌హిల్ 1999లో ప్రచురించిన వై వుయ్ బై అనే పుస్తకంలో దీన్ని వివరించాడు. ఇరుకు సందులో వస్తువు చూస్తున్న స్త్రీకి వెనుకనుంచి ఎవరైనా తగిలితే, ఆమె ఆ వస్తువు మీద ఆశ వదులుకుని పక్కకు జరుగుతుందని కూడా ఆయనే గుర్తించాడు. దారి వెడల్పు కూడా అమ్మకాన్ని ప్రభావితం చేస్తుందన్నమాట.

పెద్ద దుకాణంలో మనుషులు ప్రతి వరుసలోనూ చివరంటా నడుస్తారని చాలాకాలం అనుకున్నారు. ట్రాలీలకు రేడియో గుర్తింపు పరికరాలు తగిలించి వాటి జాడలు పరిశీలించిన లార్సన్, బ్రాడ్లో, ఫేడర్ అనే పరిశోధకులు 2005లో ఆ నమ్మకాన్ని తోసిపుచ్చారు. ఎక్కువమంది దుకాణం అంచు వెంట తిరుగుతూ, కావలసిన వరుసలోకి కొద్దిదూరం వెళ్ళి, తీసుకోవలసింది తీసుకుని, మళ్ళీ అంచుకే వస్తారు. కూరగాయలు, పాలు, రొట్టెలు అంచున ఉండడానికీ, వరుస చివరన బయటికి కనిపించే అరకు ఎక్కువ గిరాకీ ఉండడానికీ ఇదొక కారణం. ఆ చివరి అరలో పెట్టిన వస్తువుకు ధర తగ్గించకపోయినా తగ్గించారన్న భావన కలుగుతుంది.

పాలను దుకాణం వెనుక భాగంలో పెట్టడం జనాన్ని లోపలంతా తిప్పడానికేనని తరచుగా వినిపిస్తుంది. ఇందులో సగమే నిజం. పాలు చల్లని గదిలోనే నిలవ ఉండాలి, ఆ గది లారీ ఆగే వెనుక గుమ్మానికి దగ్గరగా ఉంటే దించడం తేలిక. ఒకే ఏర్పాటు వెనుక సరఫరా అవసరం, వ్యాపార ప్రయోజనం రెండూ ఉండవచ్చు. దుకాణంలోని ప్రతి మూలలోనూ పన్నాగం వెతికే రాతలు ఈ తేడాను మరిచిపోతుంటాయి.

దారినే సిద్ధాంతంగా మార్చినవారిలో వాస్తుశిల్పి విక్టర్ గ్రూయెన్ ఒకరు. వియన్నాలో పుట్టి, నాజీల కాలంలో అమెరికాకు వలస వెళ్ళిన ఈయన రూపొందించిన సౌత్‌డేల్ 1956లో మినసోటా రాష్ట్రంలోని ఎడైనాలో ప్రారంభమైంది. పైకప్పు, చల్లదనం, నడుమ విశాలమైన చావడి, దాని చుట్టూ దుకాణాలు ఉన్న మాల్‌కు నమూనా అదే. ఒక ఫలానా వస్తువు కోసం వచ్చిన మనిషి ఆ వెలుగుల్లో, చల్లదనంలో వచ్చిన పని మరిచి, ఊరికే తిరుగుతూ కొనే మనిషిగా మారే క్షణానికి గ్రూయెన్ బదిలీ అని పేరు. గ్రూయెన్ కోరుకున్నది అది కాదు. కార్లతో చెల్లాచెదురైన శివార్లకు వియన్నా వీధుల వంటి జనసమ్మర్దం తీసుకురావాలన్నది ఆయన ఆశయం. తన నమూనాతో వెలసిన మాల్‌లను చివరి దశలో ఆయనే నిరాకరించాడు.

స్వీడన్ సంస్థ ఐకియా దారిని ఇంకా బిగించింది. 1958లో ఎల్మ్‌హుల్ట్‌లో తొలి దుకాణం తెరిచిన ఈ సంస్థ భారతదేశంలో అడుగుపెట్టింది హైదరాబాదు హైటెక్ సిటీలో, 2018 ఆగస్టు 9న. వైశాల్యం సుమారు 4 లక్షల చదరపు అడుగులు. పడకగది, వంటగది, పిల్లల గది ఇలా అమర్చిన నమూనా గదుల నుంచి ఒకే దారి సాగుతుంది, నేల మీది బాణాలు నడిపిస్తాయి. మంచం విడిగా కాదు, దుప్పటి, దీపం, చాప అన్నీ కలిసిన గదిగా కనిపిస్తుంది. కొనేది మంచమే అయినా మనసులో పడేది ఆ గది. నడుమ వెయ్యిమంది కూర్చోగల భోజనశాల ఉంది. స్వీడన్ వంటకాలతో పాటు అక్కడ బిరియానీ, సమోసా పెట్టారు. ఆకలేసి బయటికి పోవలసిన మనిషి లోపలే ఉండిపోతాడు. ప్రారంభంలో 200 రూపాయల లోపు వస్తువులు వెయ్యి దాకా ఉంచారు. పెద్ద సామాను కొనలేనివారూ ఉత్త చేతులతో వెనుదిరగరు.

అర

అరల్లో కంటి ఎత్తున ఉన్నదానికి విలువ ఎక్కువ. వంగి తీయవలసింది, మునివేళ్ళ మీద నిలబడి అందుకోవలసింది వెనుకబడతాయి. డ్రెజ్, హోక్, పర్క్ అనే ముగ్గురు 1994లో ప్రచురించిన పరిశోధన ఒక ముఖ్యమైన సంగతి తేల్చింది. ఒక వస్తువును ఎన్ని వరుసల్లో పేర్చారన్నదానికంటే ఏ ఎత్తున, ఏ చోట ఉంచారన్నది అమ్మకాన్ని ఎక్కువగా మార్చింది. అందుకే తయారీ సంస్థలు మంచి చోటు కోసం దుకాణాలకు విడిగా డబ్బు చెల్లిస్తాయి. దుకాణం అమ్మేది సరుకుతో పాటు తన అరలోని జాగాను కూడా అని చెప్పాలి. ఏ డబ్బా ఏ అరలో ఎన్ని వరుసలు ఉండాలో చూపే పటాన్ని ఈ వ్యాపారంలో ప్లానోగ్రామ్ అంటారు.

కంటి ఎత్తు అందరికీ ఒకటి కాదు. నాలుగేళ్ళ పిల్లకు కంటి ఎత్తు అంటే కింది రెండో అర. బొమ్మల డబ్బాలు, తీపి బిస్కట్లు అక్కడ ఉంటాయి. పెద్దల చీటీలోకి ఎక్కని వస్తువు పిల్లల మారాంతో ట్రాలీలోకి ఎక్కుతుంది. బిల్లు కట్టే చోట వరుసలో నిలబడి ఉన్నప్పుడు ఇదే మళ్ళీ ఎదురవుతుంది. చాక్లెట్లు, చూయింగ్ గమ్, చిన్న బ్యాటరీలు, చేతిరుమాళ్ళు అన్నీ ఆ కొద్ది నిమిషాల కోసమే. అప్పటికే పది నిర్ణయాలు చేసి అలసిన మనిషి పదకొండోదాన్ని ఆలోచించకుండా చేస్తాడు. అనుకోని కొనుగోళ్ళను హాకిన్స్ స్టెర్న్ 1962లోనే నాలుగు రకాలుగా విడదీశాడు. చూడగానే మనసు పడి కొనడం ఒకటి. చూడగానే ఇంట్లో అయిపోయిందని గుర్తొచ్చి కొనడం మరొకటి. కొత్త వస్తువును చూసి దాని అవసరం అప్పుడే తోచడం మూడోది. తగ్గింపు దొరికితే కొందామని సిద్ధపడి రావడం నాలుగోది. వీటిలో రెండోది కొనేవారికి నిజంగా మేలు చేసేది. అరల అమరిక అంతా మోసమే అనేవారు దీన్ని లెక్కలోకి తీసుకోరు.

చేతితో తాకడం వేరే సంగతి. తాకిన వస్తువు మీద సొంతమన్న భావన పెరుగుతుందని, దానికి ఎక్కువ విలువ కడతారని జోన్ పెక్, సుజాన్ షూ 2009లో ప్రయోగాలతో చూపారు. నగల కొట్టులో గొలుసును ముందు మెడకు పెట్టి, అద్దం చూపించి, ఆ తరువాతే తూకం, తరుగు, మజూరీ లెక్క చెప్పే వరస ఇందుకే మారదు.

వెలుగు, సంగీతం, వాసన

దుకాణ వాతావరణమే ఒక వ్యాపార సాధనమని ఫిలిప్ కోట్లర్ 1973లో ఒక వ్యాసంలో వాదించాడు. అంతకుముందు అనుభవంతో చేస్తున్న పని అప్పటి నుంచి పరిశోధన విషయమైంది. బంగారం మీద పసుపు కాంతి, వజ్రాల మీద తెల్లని కాంతి వేస్తారు, కింద ముదురు ముఖమల్ పరుస్తారు. అదే గొలుసు ఇంటి ట్యూబులైటు కింద కాస్త వెలిసినట్టు కనిపిస్తే అది బంగారం తప్పు కాదు. పట్టుచీర రంగును వాకిట్లోకి తెచ్చి ఎండలో చూసే పాత అలవాటు ఈ కారణంగానే పుట్టింది.

సంగీతం విషయంలో కొలిచిన ఫలితాలున్నాయి. రొనాల్డ్ మిల్లిమన్ 1982లో ఒక అమెరికా సూపర్ మార్కెట్‌లో జరిపిన ప్రయోగంలో, నెమ్మదైన సంగీతం వినిపించిన రోజుల్లో జనం నెమ్మదిగా నడిచారు. వేగమైన సంగీతం వినిపించిన రోజులతో పోలిస్తే అమ్మకాలు 38.2 శాతం ఎక్కువ. 1997లో ఏడ్రియన్ నార్త్, ఆయన సహచరులు ఇంగ్లండులో ఒక దుకాణపు వైను అరల దగ్గర ఒక రోజు ఫ్రెంచి, ఒక రోజు జర్మన్ సంగీతం వినిపించారు. ఫ్రెంచి సంగీతం ఉన్న రోజుల్లో ఫ్రెంచి వైను 40 సీసాలు, జర్మన్ వైను 8 సీసాలు అమ్ముడయ్యాయి. జర్మన్ సంగీతం రోజుల్లో ఫ్రెంచివి 12కు పడిపోయాయి, జర్మన్‌వి 22కు పెరిగాయి. కారణం అడిగితే సంగీతం పేరెత్తినవారు చాలా కొద్దిమంది. తన ఎంపికకు మనిషి చెప్పే కారణం, అసలు కారణం ఒకటే కానక్కరలేదన్నది ఈ ప్రయోగం నేర్పే పాఠం. అయితే సీసాల సంఖ్య చిన్నదని గుర్తుంచుకోవాలి.

వాసన మీద స్పాంగెన్‌బర్గ్ బృందం 1996లో చేసిన పరిశోధన, ఇష్టమైన పరిమళం ఉన్న దుకాణంలో గడిపిన సమయం తక్కువగా తోస్తుందని తెలిపింది. రొట్టెల పొయ్యిని గుమ్మానికి దగ్గరగా పెట్టడం ఈ లెక్కలోదే. మల్లెపూల గంపను గుడి మెట్ల పక్కన దించుకునే అమ్మకందారుకు ఈ సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు.

ధర

ధరచీటీ కూడా దుకాణ అమరికలో భాగమే. 100కు బదులు 99 అని రాస్తే తగ్గేది ఒక్క రూపాయి. చదివే కన్ను ఎడమ అంకె దగ్గరే ఆగడం వల్ల ఆ తేడా పెద్దగా తోస్తుంది. భారతదేశంలో బాటా చెప్పుల సంస్థ ఈ పద్ధతిని ఎంతగా వాడిందంటే, అలాంటి అంకెకు బాటా ధర అనే పేరే స్థిరపడింది. అమెరికాలో ఎరిక్ ఆండర్సన్, డంకన్ సిమెస్టర్ 2003లో ప్రకటించిన ప్రయోగంలో, ఒకే దుస్తును తపాలా జాబితాల్లో 34, 39, 44 డాలర్లకు పెడితే, అన్నిటికంటే ఎక్కువ అమ్ముడైంది 39 డాలర్ల ధరకు. తక్కువ ధరను తొమ్మిది ఓడించింది.

ముందు విన్న అంకెను ఆధారం చేసుకుని తరువాతి అంకెను తూచే గుణాన్ని ఏమోస్ ట్వెర్‌స్కీ, డేనియల్ కానెమన్ 1974లో వివరించారు. గరిష్ఠ చిల్లర ధరను కొట్టివేసి పక్కన చిన్న అంకె వేయడం దీనిమీదే ఆధారపడిన పద్ధతి. బేరం అలవాటున్న సంతలో అమ్మేవారు మొదట ఎక్కువ ధర చెప్పడం కూడా అంతే. కాకపోతే సంతలో కొనేవారికి తిరిగి తక్కువ చెప్పే హక్కుంది, అచ్చేసిన చీటీతో బేరమాడలేరు. రెండు వస్తువుల నడుమ తేల్చుకోలేనివారి ముందు మూడోదాన్ని, ఒకదానికంటే స్పష్టంగా తక్కువైనదాన్ని పెడితే ఆ ఒకటి మెరుగ్గా కనిపిస్తుందని హ్యూబర్, పేన్, ప్యూటో 1982లో చూపారు. పెద్ద కప్పు అమ్మడానికి మధ్య కప్పు ధరను దాని దగ్గరకు జరపడం ఈ కిటుకే.

తెలుగునాట ఆషాఢం తగ్గింపు ధరలు ఈ కథలో ప్రత్యేకమైన అధ్యాయం. ఆషాఢమాసంలో పెళ్ళిళ్ళు ఉండవు, బట్టల వ్యాపారం మందగిస్తుంది. ఆ ఖాళీని పూడ్చడానికి మొదలైన తగ్గింపు క్రమంగా పండగంతటిదైంది. శ్రావణంలో వచ్చే పెళ్ళిళ్ళకు, వరలక్ష్మీ వ్రతానికి చీరలు ముందే కొనిపెట్టుకోవడం ఇళ్ళలో అలవాటైంది. అమ్మకం పడిపోయే నెలను అమ్మకాల నెలగా మార్చిన ఈ ఏర్పాటు వ్యాపారచాతుర్యానికి చక్కటి ఉదాహరణ.

డబ్బు కట్టడంలోనూ మనసుకు కొంత నొప్పి ఉంటుంది. నోట్లు లెక్కపెట్టి ఇచ్చేటప్పుడు ఆ నొప్పి తెలుస్తుంది, కార్డుతో తగ్గుతుంది. ప్రెలెక్, సిమెస్టర్ 2001లో జరిపిన వేలంలో, కార్డుతో చెల్లించమన్నవారు నగదు ఇవ్వమన్నవారి కంటే రెట్టింపు దాకా ధర పలికారు.

రద్దీ, సమృద్ధి

పాశ్చాత్య పుస్తకాల్లోని నియమాలు అన్ని చోట్లా పనిచేయవు. 2001లో బిగ్ బజార్ దుకాణాలు మొదలుపెట్టిన కిశోర్ బియానీ, వెడల్పైన దారులు, నిశ్శబ్దం, అద్దంలా మెరిసే నేల చూస్తే భారతీయ మధ్యతరగతి ఇది ఖరీదైన చోటని బెదిరి వెనక్కి తగ్గుతుందని గ్రహించాడు. సరుకును కావాలనే గుట్టలుగా పోయించాడు, దారులు ఇరుకు చేయించాడు, బియ్యం, పప్పు చేత్తో పట్టుకుని చూసుకునేలా తెరిచి ఉంచాడు. సంతలో ఉండే సందడిని పైకప్పు కిందికి తెచ్చాడు. 2006 గణతంత్ర దినం నాడు ప్రకటించిన భారీ తగ్గింపుకు జనం విరగబడ్డారు. అండర్‌హిల్ చెప్పిన రాపిడి నియమం ఇక్కడ తలకిందులైంది. గుంపు ఉన్న చోట ధర తక్కువగా ఉంటుందన్న నమ్మకం తగిలే భుజాన్ని భరించేలా చేసింది. అమరిక విజయం వ్యాపారాన్ని ఎల్లకాలం కాపాడలేదు. అప్పుల భారంతో కూలిన ఆ సంస్థ దుకాణాల్లో చాలావాటిని 2022లో రిలయన్స్ స్వాధీనం చేసుకుంది.

2002లో ముంబైలో రాధాకిషన్ దమానీ మొదలుపెట్టిన డీమార్ట్ మరో దారి పట్టింది. అలంకరణ లేదు, సంగీతానికి ప్రాధాన్యం లేదు, ఎక్కువ భవనాలు సొంతవే, రోజూ తక్కువ ధరే ఆకర్షణ. సాదాతనం కూడా ఒక సందేశమే. హంగులకు పెట్టని డబ్బు ధరలో తగ్గిందని కొనేవారు అర్థం చేసుకుంటారు. ఆంధ్రప్రదేశ్‌లో 1999 జనవరి 26న ప్రారంభమైన రైతుబజార్లలోనూ హంగులు లేవు, ఏ రోజు ధరలు ఆ రోజు రాసిన పలక గుమ్మంలోనే ఉంటుంది. వచ్చినవారి నిర్ణయం మీద ఏ దీపం కంటే ఆ పలక ప్రభావమే ఎక్కువ.

పరిశోధనల విశ్వసనీయత

ఈ రంగంలో వ్యాపించిన కథలన్నీ నిజం కావు. సినిమా నడుమ కంటికి అందనంత వేగంగా సందేశాలు మెరిపించి పానీయం, పేలాల అమ్మకాలు పెంచానని 1957లో జేమ్స్ వికారీ ప్రకటించాడు. ప్రపంచమంతా కలవరపడింది. 1962లో ఆయనే అది నిలబడే పరిశోధన కాదని ఒప్పుకున్నాడు. షీనా అయ్యంగార్, మార్క్ లెపర్ 2000లో ప్రచురించిన జామ్ ప్రయోగం మరింత పేరు పొందింది. కాలిఫోర్నియాలో ఒక దుకాణంలో 24 రకాలు పెడితే ఆగి చూసినవారు 60 శాతం, వారిలో కొన్నవారు 3 శాతం. 6 రకాలే పెడితే ఆగినవారు 40 శాతం, కొన్నవారు 30 శాతం. ఎంపిక ఎక్కువైతే మనసు మొద్దుబారుతుందని దీన్నుంచి అందరూ సూత్రీకరించారు. అలాంటి ప్రయోగాలన్నిటినీ కలిపి 2010లో లెక్కకడితే సగటు ప్రభావం సున్నాకు దగ్గరగా తేలింది. కొన్ని పరిస్థితుల్లోనే అది నిజమని తరువాతి విశ్లేషణలు చెబుతున్నాయి. పళ్ళెం పరిమాణం, ఆహారపు అమరిక మీద ఎన్నో పరిశోధనలు వెలువరించిన కార్నెల్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు బ్రయన్ వాన్సింక్ వ్యాసాలు ఆరింటిని అమెరికా వైద్య సంఘ పత్రికలు 2018లో ఉపసంహరించాయి. విశ్వవిద్యాలయ విచారణ ఆయన తప్పిదాలను నిర్ధారించాక ఆయన పదవి వదిలారు.

ఇవన్నీ తీసివేసినా మిగిలేది తక్కువేమీ కాదు. వస్తువు ఉన్న చోటు, దాని ఎత్తు, చేతిలోని బండి పరిమాణం, నడిచే దారి, ధర రాసే తీరు వీటి ప్రభావం దశాబ్దాలుగా అమ్మకాల లెక్కల్లో కనిపిస్తూనే ఉంది. రంగు, వాసనల గురించి చెప్పే సూత్రాలు అంత గట్టివి కావు.

చట్టం

అమరిక ఆరోగ్యం మీద చూపే ప్రభావాన్ని గుర్తించి ఇంగ్లండు ప్రభుత్వం 2022 అక్టోబరు 1 నుంచి కొత్త నియమాలు తెచ్చింది. సుమారు 2,000 చదరపు అడుగులు దాటిన దుకాణాల్లో కొవ్వు, చక్కెర, ఉప్పు ఎక్కువగా ఉన్న తినుబండారాలను గుమ్మం దగ్గర, వరుసల చివర, బిల్లు కట్టే చోట పెట్టకూడదు. అరలోని చోటుకు ఎంత బలముందో ఒక ప్రభుత్వం చట్టరూపంలో ఒప్పుకోవడం ఇది.

భారతదేశంలో నియంత్రణ వేరే వైపు నుంచి వచ్చింది. అంతర్జాల దుకాణాల్లో తెలియకుండా బుట్టలో వస్తువులు చేర్చడం, చివర్లో ధర పెంచడం, తప్పుడు తొందర పెట్టడం వంటి 13 రకాల వంచనలను నిషేధిస్తూ 2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ మార్గదర్శకాలు ప్రకటించింది. అదే ఏడాది మే నెలలో, బిల్లు ఇవ్వడానికి ఫోన్ నంబరు ఇవ్వాలని పట్టుబట్టరాదని కేంద్ర ప్రభుత్వం దుకాణాలకు సూచించింది. ఇటుకలతో కట్టిన దుకాణంలో ఏ వస్తువు ఏ ఎత్తున ఉండాలో చెప్పే చట్టం మాత్రం దేశంలో లేదు. 2021లో సవరించిన పొట్లాల నిబంధనల ప్రకారం కిలో లోపు పొట్లం మీద గ్రాముకు ఎంతో, కిలో దాటితే కిలోకు ఎంతో అచ్చు వేయాలి. పెద్ద డబ్బా చవకో చిన్న డబ్బా చవకో తేల్చే ఆ అంకె గరిష్ఠ చిల్లర ధర పక్కనే, చిన్న అక్షరాల్లో ఉంటుంది.